జావాస్క్రిప్ట్ అర్రేలోని ఆబ్జెక్టులు – ప్రోటోటైప్ మెథడ్‌ల పిలుపు: తెలుగు పదసూచి ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

తెలుగు పరిశోధనలో పదసూచికి ప్రత్యేక స్థానం ఉంది. ఒక కావ్యంలోని పదప్రయోగాలను సేకరించి, అకారాది క్రమంలో అమర్చి, ప్రతి పదానికీ పద్యసంఖ్యను చూపడం ఒకప్పుడు చీటీల మీద జరిగేది. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ మీద జరుగుతున్నది. బ్రౌజర్ ఉన్న ప్రతి యంత్రంలోనూ అదనపు ఖర్చు లేకుండా పనిచేస్తుంది కనుక, ఇటువంటి చిన్న పరికరాల నిర్మాణానికి జావాస్క్రిప్ట్ భాషను ఎంచుకోవడం సహజం. ఒక్కొక్క పదాన్ని ఒక ఆబ్జెక్టుగా రూపొందించి, వాటన్నిటినీ ఒక అర్రేలో వరుసగా నిలపడం ఇందులో మొదటి మెట్టు. ఆ ఆబ్జెక్టులు చేయవలసిన పనులను, అంటే అక్షరాలను లెక్కించడం, మరొక పదంతో పోల్చడం వంటి వాటిని ప్రోటోటైప్‌లో మెథడ్‌లుగా రాయడం రెండవ మెట్టు.

చిక్కు మూడవ మెట్టులో వస్తుంది. నిన్న సక్రమంగా పనిచేసిన మెథడ్, దాచిన ఫైలును ఈ రోజు తెరిచి పిలిస్తే 'అది ఫంక్షన్ కాదు' అనే దోషసందేశం ఇస్తుంది. పదాలన్నీ యథాతథంగా ఉంటాయి, అర్థాలు ఉంటాయి, పద్యసంఖ్యలు ఉంటాయి. మెథడ్ మాత్రం ఉండదు. ఇంతకంటే ప్రమాదకరమైన స్థితి మరొకటి ఉంది. ఏ దోషసందేశమూ రాకుండానే అకారాది క్రమం తప్పిపోవచ్చు. ఆ తప్పు ముద్రిత గ్రంథం దాకా వెళ్ళే అవకాశం కూడా ఉంది. అర్రేలోని ఆబ్జెక్టుకూ దాని ప్రోటోటైప్‌కూ ఉన్న బంధం దత్తాంశం కాదనీ, అందువల్ల దత్తాంశంతో పాటు అది ప్రయాణం చేయదనీ నిరూపించి, దాని పర్యవసానాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రోటోటైప్ భావన:

ప్రోటోటైప్ ఆధారిత పద్ధతి జావాస్క్రిప్ట్‌తో పుట్టినది కాదు. డేవిడ్ అంగర్, రాండల్ స్మిత్ 1986లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రూపొందించిన 'సెల్ఫ్' అనే భాష దీనికి ప్రధానమైన పూర్వరూపం. వర్గాన్ని ముందుగా నిర్వచించి దాని నుంచి వ్యక్తులను పుట్టించే పద్ధతిని ఆ భాష విడిచిపెట్టింది. ఒక ఆబ్జెక్టు తనకు తెలియని పనిని మరొక ఆబ్జెక్టుకు అప్పగించడమే అందులో ప్రధాన సూత్రం. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్‌ను రూపొందించినప్పుడు ఈ సూత్రాన్ని స్వీకరించారు. 2015 నాటి ఎక్మాస్క్రిప్ట్ ప్రమాణంలో 'క్లాస్' అనే పదబంధం చేరింది కానీ, దాని అడుగున పనిచేసేది ఇప్పటికీ ప్రోటోటైపే. క్లాస్ అనే మాటను చూసి జావా భాషలోని క్లాస్‌ను ఊహించుకోవడం వల్ల బోధనలో కలిగే గందరగోళం చిన్నది కాదు.

ఈ బంధాన్ని అర్థం చేసుకోవడానికి నిఘంటువు మంచి పోలిక. నిఘంటువులోని ప్రతి ఆరోపం పక్కన 'వి.', 'విణ.', 'క్రి.' వంటి సంకేతాలు ఉంటాయి. వాటి వివరణ ప్రతి ఆరోపంలోనూ ఉండదు, పీఠిక తరువాత ఒకే ఒక్క పట్టికలో ఉంటుంది. ఆరోపం ఆ పట్టికను తనలో దాచుకోదు, దాని వైపు చూపుతుంది. వేల ఆరోపాలకు ఒక్క పట్టిక చాలు. పట్టికలో ఒక వివరణను సవరిస్తే అన్ని ఆరోపాలకూ ఆ సవరణ వర్తిస్తుంది. అయితే ఒక పుటను చించి వేరొకరికి పంపితే ఆరోపం వెళుతుంది, పట్టిక వెళ్ళదు. ప్రోటోటైప్ స్థితి కూడా అచ్చంగా ఇదే.

ఉదాహరణ:

జావాస్క్రిప్ట్‌లో చలరాశులకూ మెథడ్‌లకూ తెలుగు లిపిలోనే పేర్లు పెట్టవచ్చు. యూనికోడ్ అక్షరాలను నామాలుగా ఆ భాష అంగీకరిస్తుంది. భాషకు సొంతమైన కీలక పదాలను మాత్రం ఆంగ్లంలోనే టైపు చేయాలి, వాటిని ఇక్కడ తెలుగు లిపిలో చూపడమైనది.

'పదం' అనే క్లాస్ ఉందనుకోవాలి. దాని ద్వారా పుట్టిన ప్రతి ఆబ్జెక్టుకూ రూపం, అర్థం, పద్యసంఖ్య అనే మూడు సొంత గుణాలు ఉంటాయి. క్లాస్‌లో 'అక్షరసంఖ్య' అనే మెథడ్ ఉంది. ఇది ఎందుకు కావాలంటే, జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగ్‌కు ఉన్న 'లెంగ్త్' గుణం తెలుగు అక్షరాలను లెక్కించదు, యూటీఎఫ్-16 మూలకాలను లెక్కిస్తుంది. 'తెలుగు' అనే పదానికి అది 6 అని చెబుతుంది. గుణింతపు గుర్తులు కూడా లెక్కలోకి రావడమే అందుకు కారణం. 'అమ్మ' అనే పదానికి 4 అని చెబుతుంది. అ, మ, పొల్లు గుర్తు, మళ్ళీ మ. ఛందస్సు చదివినవారికి ఈ లెక్క ఎందుకూ కొరగాదు. అచ్చులనూ హల్లులనూ మాత్రమే లెక్కించి, పొల్లు గుర్తు తరువాత వచ్చే హల్లును విడిచిపెట్టే విధంగా అక్షరసంఖ్య మెథడ్‌ను రాస్తే ఈ రెండు పదాలకూ వరుసగా 3, 2 అనే సరైన ఫలితాలు వస్తాయి.

ఇటువంటి ఆబ్జెక్టులు 'పదాలు' అనే అర్రేలో ఉన్నప్పుడు మొదటిదాని మెథడ్‌ను పిలవడానికి ఈ విధంగా రాయాలి:

పదాలు[0].అక్షరసంఖ్య()

ఈ చిన్న పంక్తిలో జరిగే పని నాలుగు దశలుగా ఉంటుంది. ముందుగా అర్రేలో 0 అనే స్థానంలో ఏముందో చూస్తుంది. అక్కడ దొరికేది ఆబ్జెక్టు కాదు, ఆబ్జెక్టుకు ఒక రిఫరెన్స్. దాని ద్వారా ఆబ్జెక్టును చేరి, 'అక్షరసంఖ్య' అనే సొంత గుణం ఉందేమోనని వెతుకుతుంది. రూపం, అర్థం, పద్యసంఖ్య మాత్రమే ఉంటాయి కనుక దొరకదు. అప్పుడు ఆబ్జెక్టు ప్రోటోటైప్‌ను చేరుతుంది, అక్కడ మెథడ్ దొరుకుతుంది. అక్కడా లేకపోతే అన్నిటికీ పైన ఉండే ఆబ్జెక్ట్ ప్రోటోటైప్ దాకా వెళ్ళి, అక్కడితో ఆగుతుంది. దొరికిన మెథడ్‌ను, చుక్కకు ఎడమ వైపు ఉన్న ఆబ్జెక్టును 'దిస్' అనే పేరుకు అన్వయించి, నడిపిస్తుంది.

అర్రేకు ఈ వ్యవహారంలో పాత్ర చాలా స్వల్పం. అది రిఫరెన్సులను వరుసలో ఉంచుతుంది, అంతే. తనలో ఉన్నవి ఏ జాతివో దానికి తెలియదు. ఒకే అర్రేలో పదం ఆబ్జెక్టు పక్కన సంఖ్య ఉండవచ్చు, ఖాళీ స్థానం ఉండవచ్చు. 'అర్రేలోని ఆబ్జెక్టు మెథడ్‌ను పిలవడానికి ప్రత్యేక పద్ధతి ఏమిటి' అని విద్యార్థులు అడుగుతారు. ప్రత్యేక పద్ధతి ఏదీ లేదన్నదే సమాధానం.

ఇక్కడ దోషసందేశాల మధ్య భేదాన్ని గుర్తించడం అవసరం. అర్రేలో లేని స్థానాన్ని అడిగితే వచ్చే సందేశం 'అన్‌డిఫైన్డ్ గుణాలను చదవడం సాధ్యం కాదు' అనే భావంలో ఉంటుంది. అది స్థానం తప్పిందని చెబుతుంది. 'ఫంక్షన్ కాదు' అనే సందేశం మాత్రం ఆబ్జెక్టు దొరికిందనీ, గొలుసులో మెథడ్ దొరకలేదనీ తెలుపుతుంది. మొదటి దానికి లెక్క సరిచూసుకోవాలి, రెండవ దానికి పుట్టుకను విచారించాలి. తెలుగు పేర్లు వాడేవారికి రెండవ సందేశం మరొక కారణం వల్ల కూడా రావచ్చు. రెండు హల్లులు కలిసి సంయుక్తాక్షరం కాకుండా ఆపే అదృశ్య విభాజకం ఒక చోట పడి మరొక చోట పడకపోతే, కంటికి ఒకటిగానే కనిపించే రెండు పేర్లు భాషకు వేర్వేరు పేర్లు అవుతాయి. ఈ విభాజకాన్ని నామాలలో అనుమతించడం 2009 నాటి ప్రమాణం నుంచి ఉంది. కనుక మెథడ్‌ల పేర్లలో పొల్లుతో ఆగే రూపాలను వాడకపోవడం క్షేమం.

'దిస్' తెగిపోయే సందర్భం:

మెథడ్‌ను పిలవడం వేరు, మెథడ్‌ను అందించడం వేరు. అన్ని పదాల అక్షరసంఖ్యలూ ఒకేసారి కావాలనుకున్న పరిశోధకులు అర్రేకు ఉన్న 'మ్యాప్' మెథడ్‌కు పదం ప్రోటోటైప్‌లోని అక్షరసంఖ్యను నేరుగా అందిస్తారు. ఫలితంగా దోషమే మిగులుతుంది. చుక్కకు ఎడమ వైపు ఆబ్జెక్టు లేకుండా మెథడ్ నడిచింది కనుక 'దిస్'కు విలువ లేదు. మ్యాప్ ప్రతి ఆబ్జెక్టునూ మొదటి పరామితిగా పంపుతుందే కానీ దానిని 'దిస్'గా చేయదు. 'ప' అనే పరామితిని తీసుకుని ప.అక్షరసంఖ్య() అని పిలిచే చిన్న ఫంక్షన్‌ను మ్యాప్‌కు అందించడం సరైన మార్గం. అక్కడ చుక్క ఉంది, ఎడమ వైపు ఆబ్జెక్టు ఉంది.

దీనికి విపర్యయంగా ఒక విచిత్రం కూడా ఉంది. అర్రేలో ఆబ్జెక్టులకు బదులు సాధారణ ఫంక్షన్లనే దాచి, పనులు[0]() అని పిలిస్తే, ఆ ఫంక్షన్ లోపల 'దిస్' అంటే 'పనులు' అనే అర్రేయే. చదరపు కుండలీకరణం కూడా చుక్కతో సమానమే కావడం ఇందుకు కారణం.

ఫైలులోకి వెళ్ళి తిరిగి వచ్చినప్పుడు:

ఉపోద్ఘాతంలో ప్రస్తావించిన చిక్కుకు మూలం ఇక్కడ ఉంది. పదసూచి ఒక్క రోజులో పూర్తయ్యేది కాదు. సాయంత్రం దాచి, మరునాడు తెరవాలి. అందుకు అందరూ వాడేది జేసన్ అనే రూపం. జేసన్‌లోకి మార్చే ఫంక్షన్ ప్రతి ఆబ్జెక్టు సొంత గుణాలను మాత్రమే రాస్తుంది. ప్రోటోటైప్‌లో ఉన్నవి సొంత గుణాలు కావు. సొంత గుణంగా ఫంక్షన్‌ను ఉంచినా దానిని విడిచిపెడుతుంది, ఎందుకంటే జేసన్ రూపంలో ఫంక్షన్‌కు చోటు లేదు. తిరిగి చదివినప్పుడు కొత్త ఆబ్జెక్టులు పుడతాయి. వాటికి రూపం, అర్థం, పద్యసంఖ్య ఉంటాయి కానీ, వాటి ప్రోటోటైప్ 'పదం' క్లాస్‌ది కాదు, సర్వసామాన్యమైన ఆబ్జెక్ట్ ప్రోటోటైప్. నిఘంటువు పుట వచ్చింది, సంకేత పట్టిక రాలేదు. 'పదాలు' మాత్రం తిరిగి అర్రేగానే వస్తుంది, మ్యాప్, ఫిల్టర్ వంటి దాని మెథడ్‌లన్నీ పనిచేస్తాయి. అర్రే అనేది భాషకే సొంతమైన జాతి కనుక చదువరి ఫంక్షన్‌కు దానిని ఎలా నిర్మించాలో తెలుసు. 'పదం' పరిశోధకుల సృష్టి, దాని సంగతి చదువరి ఫంక్షన్‌కు తెలియదు. బయటి పాత్ర సరిగానే ఉండటం వల్ల లోపలి మార్పు వెంటనే కనిపించదు. తేదీల విషయంలో ఈ మార్పు ఇంకా విపరీతం. సేకరణ తేదీని డేట్ ఆబ్జెక్టుగా దాచితే అది స్ట్రింగ్‌గా తిరిగి వస్తుంది.

జేసన్‌ను వదలి 'స్ట్రక్చర్డ్ క్లోన్' అనే సదుపాయాన్ని వాడితే తేదీలు తేదీలుగానే వస్తాయి. కానీ అది కూడా పరిశోధకులు నిర్మించిన ప్రోటోటైప్ బంధాన్ని నిలుపదు. బ్రౌజర్‌లోని ఇండెక్స్‌డ్ డీబీ భాండారం దాచేటప్పుడు పాటించేది కూడా ఈ పద్ధతినే.

మౌనంగా జరిగే తప్పు:

దోషసందేశం వస్తే పరిశోధకులు ఆగి వెతుకుతారు. రాకపోతేనే నష్టం. అర్రేకు 'సార్ట్' అనే మెథడ్ ఉంది. పోలిక ఫంక్షన్ ఇవ్వకపోతే అది ప్రతి ఆబ్జెక్టునూ స్ట్రింగ్‌గా మార్చి, ఆ స్ట్రింగులను పోల్చి వరుసలో పెడుతుంది. స్ట్రింగ్‌గా మార్చడానికి పిలిచేది ఆ ఆబ్జెక్టుకు ప్రోటోటైప్ గొలుసులో దొరికే 'టుస్ట్రింగ్' మెథడ్‌ను. పదం క్లాస్‌లో టుస్ట్రింగ్‌ను రాసి, అది రూపాన్ని ఇచ్చేలా చేస్తే సార్ట్ పదాలను రూపాన్ని బట్టి అమర్చుతుంది. చూడటానికి ఇది చక్కని ఏర్పాటు. ఈ విధంగా రాసిన కార్యక్రమాలు చాలానే కనిపిస్తాయి.

ఆ అర్రే జేసన్ ద్వారా వెళ్ళి వచ్చిన తరువాత సార్ట్ చేస్తే ఏమవుతుంది? ఇక్కడ టుస్ట్రింగ్ అనే మెథడ్ 'లేదు' అనే స్థితి రాదు. గొలుసు చివర ఆబ్జెక్ట్ ప్రోటోటైప్‌లో అదే పేరుతో మరొక మెథడ్ ఉంది. అది దొరుకుతుంది. అయితే అది ఏ ఆబ్జెక్టుకైనా 'ఇది ఒక ఆబ్జెక్టు' అనే అర్థం వచ్చే ఒకే స్ట్రింగ్‌ను ఇస్తుంది. వేల పదాలకూ ఒకే స్ట్రింగ్ కనుక సార్ట్ దృష్టిలో అన్నీ సమానమే. 2019 ప్రమాణం ప్రకారం సమానమైనవాటి పూర్వపు క్రమాన్ని సార్ట్ మార్చకూడదు. కనుక అర్రే ఉన్నది ఉన్నట్టే మిగులుతుంది. దోషం లేదు, హెచ్చరిక లేదు. నిన్నటి వరకు చేర్చిన పదాలు అప్పటికే వరుసలో ఉంటాయి, ఈ రోజు చేర్చిన నలభై పదాలు మాత్రం చివరన పడి ఉంటాయి. సూచి తెరిచి మొదటి రెండు పుటలు చూసిన పర్యవేక్షకులకు అంతా సక్రమంగానే కనిపిస్తుంది. ఈ నలభై పదాలలో కొన్ని క్లాస్ ద్వారా పుట్టి, మిగిలిన పాత పదాలు జేసన్ నుంచి వస్తే స్థితి ఇంకా చిత్రంగా ఉంటుంది. పాత పదాల స్ట్రింగ్ రోమన్ లిపిలోని చదరపు కుండలీకరణంతో మొదలవుతుంది. యూనికోడ్‌లో దాని స్థానం తెలుగు అక్షరాల కంటే ముందు. అందువల్ల పాత పదాలన్నీ ఒక గుంపుగా ముందు, కొత్తవన్నీ తమలో తాము వరుసగా వెనుక నిలుస్తాయి.

టుస్ట్రింగ్ సరిగా ఉన్నా తెలుగుకు ఆ వరుస చాలదన్నది వేరే సంగతి. యూనికోడ్ పట్టికలో ఱ, ల, ళ, వ అనే క్రమం ఉంది. వర్ణమాలలో ళ, ఱ హకారం తరువాత వస్తాయి. వర్ణమాల ప్రకారం 'కవి' ముందు, 'కళ' తరువాత రావాలి. యూనికోడ్ స్థానాలను పోల్చే సార్ట్ 'కళ'ను ముందు ఉంచుతుంది. అకారాది క్రమం కావలసినవారు వర్ణమాల క్రమాన్ని పాటించే పోలిక ఫంక్షన్‌ను స్పష్టంగా రాసి సార్ట్‌కు అందించాలి. అటువంటి ఫంక్షన్ రూపం అనే సొంత గుణాన్ని నేరుగా చదివితే, ప్రోటోటైప్ ఉన్నా లేకపోయినా పనిచేస్తుంది. రెండు ప్రయోజనాలు ఒకేసారి నెరవేరుతాయి.

బంధాన్ని తిరిగి కలపడం:

తెగిన బంధాన్ని కలపడానికి నిక్కచ్చి అయిన మార్గం పునర్నిర్మాణం. చదివిన అర్రే మీద మ్యాప్ నడిపి, ప్రతి సాదా ఆబ్జెక్టు నుంచి 'న్యూ' ద్వారా కొత్త పదం ఆబ్జెక్టును పుట్టించడం. ఈ పనికి క్లాస్‌లోనే ఒక స్టాటిక్ మెథడ్ ఉంటే దాచే పద్ధతి, తెరిచే పద్ధతి ఒకే చోట కనిపిస్తాయి. తేదీ వంటి గుణాలను కూడా అక్కడే సరిచేయవచ్చు. ఉన్న ఆబ్జెక్టుకే ప్రోటోటైప్‌ను మార్చే సదుపాయం భాషలో ఉంది కానీ, అది యంత్రం చేసుకున్న వేగవర్ధక ఏర్పాట్లను భంగపరుస్తుంది, సాధారణంగా దానిని సూచించరు.

పునర్నిర్మాణంలో ఒక జాగ్రత్త అవసరం. సౌకర్యం కోసం ఎవరైనా జేసన్ ఫైలులోనే 'అక్షరసంఖ్య' అనే పేరుతో లెక్కించిన ఫలితాన్ని రాసి ఉంచితే, తిరిగి నిర్మించేటప్పుడు ఆ సంఖ్య కూడా సొంత గుణంగా చేరవచ్చు. వెతుకులాట సొంత గుణంతో మొదలవుతుంది కనుక ప్రోటోటైప్‌లోని మెథడ్ మరుగున పడుతుంది. 'ఫంక్షన్ కాదు' అనే పాత సందేశమే మళ్ళీ వస్తుంది, కానీ కారణం ఈసారి పూర్తిగా వేరు.

ఒక్క లెక్క కోసం వేల ఆబ్జెక్టులను మళ్ళీ నిర్మించనవసరం లేదనుకుంటే మెథడ్‌ను అరువు తెచ్చుకోవచ్చు. ఫంక్షన్లన్నిటికీ ఉన్న 'కాల్' అనే మెథడ్, 'దిస్'గా ఏది ఉండాలో బయటి నుంచి నిర్ణయించనిస్తుంది. పదం ప్రోటోటైప్‌లోని అక్షరసంఖ్యకు కాల్ ద్వారా సాదా ఆబ్జెక్టును అందిస్తే అది నిర్విఘ్నంగా 3 అని చెబుతుంది. ఆ మెథడ్‌కు కావలసినది రూపం అనే గుణమే కానీ ఆబ్జెక్టు వంశం కాదు.

సొంత ప్రోటోటైప్‌లకు బదులు భాష ప్రోటోటైప్‌లు:

పదాలను ఆబ్జెక్టులుగా కాక వట్టి స్ట్రింగులుగానే అర్రేలో ఉంచి, అక్షరసంఖ్యను స్ట్రింగ్ ప్రోటోటైప్‌కే చేర్చితే జేసన్ చిక్కు లేదు కదా అనే ఆలోచన కలగవచ్చు. నిజమే, లేదు. స్ట్రింగ్ ఆబ్జెక్టు కాకపోయినా, దాని మీద మెథడ్‌ను పిలిచిన క్షణంలో భాష స్ట్రింగ్ ప్రోటోటైప్‌ను వెతుకుతుంది. కానీ ఆ ప్రోటోటైప్ ఒక్క పరిశోధకుల సొత్తు కాదు, ఆ పుటలో నడిచే ప్రతి కార్యక్రమానికీ ఉమ్మడి ఆస్తి. ఇటువంటి చేర్పు భాషా ప్రమాణాన్నే ప్రభావితం చేసిన సందర్భాలు ఉన్నాయి. మూటూల్స్ అనే పాత గ్రంథాలయం అర్రే ప్రోటోటైప్‌కు 'కంటెయిన్స్', 'ఫ్లాటెన్' అనే మెథడ్‌లను చేర్చింది. ప్రమాణ సంఘం తరువాత అవే పేర్లతో మెథడ్‌లను ప్రవేశపెట్టబోయినప్పుడు, ఆ గ్రంథాలయం మీద ఆధారపడిన పాత పుటలు పనిచేయవని తేలింది. మొదటిది 2016 ప్రమాణంలో 'ఇన్‌క్లూడ్స్'గా, రెండవది 2019 ప్రమాణంలో 'ఫ్లాట్'గా పేరు మార్చుకోవలసి వచ్చింది. 2018లో ఈ రెండవ పేరు మీద జరిగిన చర్చ హాస్యానికి కూడా తావిచ్చింది, 'స్మూష్' అనే పేరు కొంతకాలం ప్రతిపాదనలో నిలిచింది.

భాష ప్రోటోటైప్‌కు మెథడ్‌ను చేర్చక తప్పదనుకుంటే, మామూలు కేటాయింపుతో కాక 'డిఫైన్ ప్రాపర్టీ' ద్వారా, లెక్కింపుకు రాని గుణంగా చేర్చాలి. అర్రే ప్రోటోటైప్‌కు మామూలుగా చేర్చిన మెథడ్ 'ఫర్-ఇన్' ఆవృత్తిలో అర్రే స్థానాలతో పాటు తానూ ఒక స్థానంగా బయటపడుతుంది. అప్పుడు పదసూచిలో చివరి పదం తరువాత, ఎవరూ చేర్చని ఒక ఆరోపం అచ్చవుతుంది.